వాహనం డాష్‌బోర్డులో విడిగా వోల్ట్ మీటర్ బిగించుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

12 వోల్టుల బ్యాటరీతో నడిచే పెట్రోలు, డీజిలు వాహనాల్లో కంపెనీ ఇవ్వని వోల్ట్ మీటరును తెచ్చి బిగించుకోదలచిన వారిని దృష్టిలో పెట్టుకుని ఈ జవాబులు రాయడమైనది. 24 వోల్టుల వాహనాలు, ద్విచక్ర వాహనాలు, హైబ్రిడ్ వాహనాల సంగతి చివర్లో విడిగా ఉంది. ముందుగా ఒక విషయం గుర్తుంచుకోవాలి: మీటరు చూపించేది తన రెండు వైర్లు ఎక్కడ కలిశాయో ఆ రెండు చోట్ల మధ్య ఉన్న వోల్టేజిని మాత్రమే. అది బ్యాటరీ వోల్టేజికి ఎంత దగ్గరగా ఉంటుందన్నది వైర్లు కలిపే చోటును బట్టి ఉంటుంది. కింది ప్రశ్నల్లో చాలా వాటికి మూలం ఇదే.

డాష్‌బోర్డులో బ్యాటరీ గుర్తుతో ఎర్ర లైటు ఉండనే ఉంది కదా, ఇంకా మీటరు ఎందుకు?

సాధారణ వైరింగ్ ఉన్న వాహనాల్లో ఆ లైటుకు ఒక పక్క ఇగ్నిషన్ నుంచి, మరో పక్క ఆల్టర్నేటర్ (ఇంజను తిప్పగా కరెంటు పుట్టించి బ్యాటరీని ఛార్జి చేసే యంత్రం) నుంచి వోల్టేజి వస్తుంది. రెండూ సమానంగా ఉన్నంతసేపు లైటు ఆరి ఉంటుంది, ఆల్టర్నేటర్ పని మానేస్తే వెలుగుతుంది. అంటే పూర్తిగా చెడిపోయిన సంగతి చెబుతుంది గానీ, సగం సగంగా పనిచేస్తున్న సంగతిని చాలాసార్లు చెప్పదు. బెల్టు జారుతున్నా, కార్బన్ బ్రష్షులు అరిగిపోతున్నా, లోపలి డయోడుల్లో ఒకటి పోయినా ఛార్జింగ్ కొద్దికొద్దిగా తగ్గుతూ వస్తుంది, లైటు మాత్రం ఆరే ఉండవచ్చు. రోజూ 14.2 చూపించే మీటరు కొన్ని వారాలుగా 13.3 దాటడం లేదంటే ఏదో తేడా వచ్చిందని బండి ఆగిపోకముందే తెలిసిపోతుంది. మీటరు అసలు ఉపయోగం ఇలా మామూలు అంకెను గుర్తుపెట్టుకుని మార్పును పట్టుకోవడంలోనే ఉంది.

వోల్ట్ మీటర్ పెట్టుకోవాలా, ఆమ్మీటర్ పెట్టుకోవాలా?

వోల్ట్ మీటరే మేలు. కరెంటును కొలిచే ఆమ్మీటరును సిరీస్‌లో కలపాలి, అంటే ఛార్జింగ్ కరెంటు మొత్తం డాష్‌బోర్డు దాకా వచ్చి మీటరు గుండా వెళ్లాలి. పాత వాహనాల్లో డైనమోలు కొద్ది ఆంపియర్లే ఇచ్చేవి కనుక అది నడిచింది. ఇప్పటి ఆల్టర్నేటర్లు 70 ఆంపియర్లు, 100 ఆంపియర్లు, ఇంకా పైన కూడా ఇస్తాయి. అంత కరెంటు మోసే లావు వైరును స్టీరింగు పక్కకు తెచ్చి, అక్కడ ఒక నట్టు వదులైతే, వేడెక్కి కాలిపోయే ప్రమాదం ఉంది. వోల్ట్ మీటరు పారలల్‌లో కలుస్తుంది, సన్నటి వైరు చాలు, మీటరు చెడిపోయినా బండి నడక ఆగదు.

ముల్లు ఉన్నది కొనాలా, అంకెలు చూపించేది కొనాలా?

ఒక వోల్టులో పదో వంతు తేడా కూడా ఇక్కడ అర్థవంతమైనదే కనుక, ఖచ్చితత్వం కావాలంటే డిజిటల్ మీటరు సులువు. ముల్లు మీటరులో 8 నుంచి 16 వోల్టుల వరకే స్కేలు ఉన్నది తీసుకోవాలి. సున్నా నుంచి మొదలయ్యే స్కేలులో మనకు పనికొచ్చే భాగం ఒక మూలకు ఇరుక్కుపోతుంది. మరోవైపు, రాత్రి డ్రైవింగులో అంకెలు చదవడం కన్నా ముల్లు ఏ కోణంలో ఉందో క్రీగంట చూడటమే తేలిక అనేవారి మాటలో నిజం ఉంది. డాష్‌బోర్డు మీద బిగించే గుండ్రటి మీటర్లు ఎక్కువగా 52 మిల్లీమీటర్ల సైజులో, కొన్ని 60 మిల్లీమీటర్ల సైజులో వస్తాయి. రంధ్రం కోసే ముందు మీటరు వెనుక ఎంత లోతు కావాలో కూడా కొలుచుకోవాలి.

మీటరు నుంచి మూడు, నాలుగు వైర్లు వస్తున్నాయి. ఏది ఎక్కడికి వెళ్లాలి?

రెండు వైర్లే ఉంటే ఎరుపు పాజిటివ్‌కు, నలుపు ఎర్త్‌కు (అంటే బ్యాటరీ నెగటివ్ కలిసి ఉండే బాడీ లోహానికి). మూడో వైరు లోపలి వెలుగు కోసం, ఇది పార్కింగ్ లైట్ల సర్క్యూట్‌కు వెళుతుంది. నాలుగోది ఉంటే అది ఎప్పుడూ కరెంటు ఉండే సప్లైకి కావచ్చు, లేదా వెలుగు బల్బు తాలూకు రెండో వైరు కావచ్చు. మూడు, నాలుగు వైర్ల రంగులకు అందరూ పాటించే నియమమేమీ లేదు కనుక మీటరుతో వచ్చిన కాగితాన్ని నమ్మాలి గానీ రంగును కాదు. డిజిటల్ మీటరుకు ఎరుపు, నలుపు తారుమారైతే, లోపల రక్షణ డయోడు లేని పక్షంలో అది వెంటనే పాడైపోతుంది. చాలా పాత వాహనాలు కొన్నింటిలో బాడీకి బ్యాటరీ పాజిటివ్ కలిపి ఉంటుంది. అలాంటి బండి అయితే పని మొదలుపెట్టే ముందే నిర్ధారించుకోవాలి.

పాజిటివ్ ఎక్కడి నుంచి తీసుకోవాలి?

తాళం తిప్పితే కరెంటు వచ్చి, తీసేస్తే పోయే చోటు కావాలి. డాష్‌బోర్డు కింది ఫ్యూజు బాక్సులో అలాంటివి చాలా ఉంటాయి. అయితే వాటిలో కరెంటు తక్కువగా వాడే సర్క్యూట్‌ను ఎంచుకోవాలి. ఏసీ బ్లోయరు, వెనుక అద్దం హీటరు, వైపర్ మోటారు ఉన్న ఫ్యూజు నుంచి తీసుకుంటే, అవి ఆన్ అయినప్పుడల్లా మీటరులో అంకె పడిపోతుంది, అది బ్యాటరీ తప్పు కాదు. ఎయిర్‌బ్యాగు, ఏబీఎస్, ఇంజను కంప్యూటర్, ఫ్యూయల్ పంపు ఫ్యూజుల జోలికి అసలు వెళ్లకూడదు. మీటరు తీసుకునేది కొద్ది మిల్లీ ఆంపియర్లే అయినా, అక్కడ ఒక జాయింటు వదులైతే వచ్చే నష్టం మీటరు విలువతో పోల్చదగినది కాదు.

తాళంలో కూడా రెండు దశలున్నాయని గమనించాలి. మొదటి దశలో, అంటే రేడియో పనిచేసే యాక్సెసరీ స్థానంలో, కరెంటు వచ్చే సర్క్యూట్లు సెల్ఫ్ కొట్టేటప్పుడు చాలా వాహనాల్లో తెగిపోతాయి. అక్కడి నుంచి తీసుకుంటే సెల్ఫ్ తిరిగే ఆ రెండు మూడు సెకన్లు మీటరు ఆరిపోతుంది. బ్యాటరీ సత్తువ బయటపడేది ఆ క్షణాల్లోనే కనుక, సెల్ఫ్ కొట్టేటప్పుడు కూడా కరెంటు నిలిచి ఉండే ఇగ్నిషన్ సర్క్యూట్‌ను వెతకడం మంచిది. మల్టీమీటరు (వోల్టేజి కొలిచే చేతి పరికరం) ఎర్ర పిన్నును ఫ్యూజు మీద, నల్ల పిన్నును బాడీ లోహం మీద ఉంచి, మరొకరిని తాళం తిప్పమంటే ఏది ఏదో తేలిపోతుంది.

నేరుగా బ్యాటరీకి కలిపేస్తే పోదా?

అంకె సరిగానే వస్తుంది, కానీ మీటరు రాత్రింబవళ్లు వెలుగుతూనే ఉంటుంది. 20 మిల్లీ ఆంపియర్లు తీసుకునే డిజిటల్ మీటరు 24 గంటల్లో 0.48 ఆంపియర్ అవర్, 30 రోజుల్లో 14.4 ఆంపియర్ అవర్ తాగేస్తుంది. 45 ఆంపియర్ అవర్ బ్యాటరీలో ఇది దాదాపు మూడో వంతు. రోజూ నడిచే బండికి ఇది లెక్కలోకి రాకపోవచ్చు. ఊరెళ్లి నెల తర్వాత వచ్చేవారికి మాత్రం, అలారం, గడియారం లాంటి మిగతా వాడకాలు కూడా కలిసి, బండి స్టార్టు కాకపోవడానికి ఇది చాలు. నేరుగా కలపాలనే ఉంటే మధ్యలో స్విచ్చు గానీ రిలే (చిన్న కరెంటుతో దానంతట అదే కలిసే స్విచ్చు) గానీ పెట్టాలి.

ఫ్యూజు ట్యాప్ అంటే ఏమిటి? దాన్ని ఎలా పెట్టాలి?

ఉన్న ఫ్యూజును తీసి, ఆ చోట గుచ్చే చిన్న అడాప్టరు ఇది. పాత ఫ్యూజు దానిలో ఒక గదిలోకి, మన సర్క్యూట్‌కు కొత్త ఫ్యూజు రెండో గదిలోకి వెళతాయి. కంపెనీ వైరు ఒక్కటి కూడా కోయనక్కర్లేదు, వద్దనుకున్న రోజు తీసేసి పాత ఫ్యూజు మళ్లీ గుచ్చేయవచ్చు. వారంటీ ఉన్న బండికి ఇంతకన్నా మంచి దారి లేదు. బ్లేడు ఫ్యూజులు మామూలు, మినీ, పొట్టి మినీ, మైక్రో అని వేర్వేరు సైజుల్లో ఉంటాయి కనుక, మీ ఫ్యూజును తీసి చూసుకుని దానికి సరిపోయే ట్యాప్‌నే కొనాలి. కొంచెం పెద్దదాన్ని బలవంతంగా గుచ్చితే ఫ్యూజు బాక్సులోని క్లిప్పులు విచ్చుకుపోతాయి, తర్వాత అసలు ఫ్యూజు వదులుగా కూర్చుని వేడెక్కుతుంది.

ట్యాప్‌ను ఏ వైపు తిప్పి పెట్టాలన్నది చాలామంది పట్టించుకోరు. ఫ్యూజు తీసేసి, తాళం తిప్పి, రెండు సందుల్లోనూ వోల్టేజి చూస్తే ఒకదానిలోనే 12 వోల్టులు కనిపిస్తాయి. అది సప్లై వచ్చే వైపు. ట్యాప్‌లో రెండు ఫ్యూజులకూ ఉమ్మడిగా ఉన్న కాలు ఈ వైపుకు రావాలి. అప్పుడు పాత సర్క్యూట్ పాత ఫ్యూజు ద్వారా, మీటరు కొత్త ఫ్యూజు ద్వారా విడివిడిగా నడుస్తాయి. తిరగేసి పెట్టినా మీటరు వెలుగుతుంది, కానీ దాని కరెంటు కూడా పాత ఫ్యూజు గుండానే వస్తుంది, అది పోతే మీటరూ పోతుంది.

ఎంత ఫ్యూజు, ఎంత వైరు?

మీటరు ఒక్కదానికే అయితే 1 నుంచి 3 ఆంపియర్ల ఫ్యూజు, 0.5 లేదా 0.75 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు సరిపోతాయి. ఇళ్ల వైరింగులో వాడే ఒంటి పోగు వైరు కదలికకు విరిగిపోతుంది కనుక వద్దు, సన్నటి పోగులతో అల్లిన ఆటోమొబైల్ వైరే వాడాలి. ఫ్యూజు కాపాడేది మీటరును కాదు, వైరును. అందువల్ల అది సప్లై తీసుకున్న చోటికి వీలైనంత దగ్గరగా ఉండాలి, మీటరు దగ్గర కాదు.

ఎర్త్ ఎక్కడ ఇవ్వాలి? డాష్‌బోర్డు వెనుక కనిపించిన స్క్రూకు బిగిస్తే చాలదా?

ఆ స్క్రూ ప్లాస్టిక్‌లోకో, నాలుగు బ్రాకెట్ల మీదుగా బాడీని తాకే రేకులోకో వెళుతూ ఉండవచ్చు. కంపెనీ వారే ఎర్త్ వైర్లు బిగించిన బోల్టు సాధారణంగా తలుపు పక్కన, కాళ్ల దగ్గరి ప్యానెల్ వెనుక ఉంటుంది. దానికే రింగు టెర్మినల్‌తో కలపడం మంచిది. కొత్త చోటైతే పెయింటును గీకి మెరిసే లోహం కనిపించేలా చేసి, పళ్లున్న వాషరు వేసి బిగించి, తుప్పు పట్టకుండా పైన కొద్దిగా గ్రీజు రాయాలి. పాజిటివ్ విషయంలో చెప్పిన జాగ్రత్తే ఇక్కడా వర్తిస్తుంది: బ్లోయరో, ఆంప్లిఫయరో ఎర్త్ అయిన బోల్టుకే మీటరు ఎర్త్‌ను కూడా ఇస్తే, వాటి కరెంటు వల్ల ఆ బోల్టు దగ్గర పుట్టే చిన్న వోల్టేజి కూడా మీటరు లెక్కలోంచి తరిగిపోతుంది. లైటు వెలిగిస్తే అంకె తగ్గుతోందని పాజిటివ్ వైపే పదేపదే వెతికి విసిగిపోయేవారిలో చాలామందికి లోపం దొరికేది ఈ ఎర్త్‌లోనే.

బ్యాటరీ దగ్గర మల్టీమీటరు 14.3 చూపిస్తోంది, డాష్‌బోర్డు మీటరు 13.9 చూపిస్తోంది. మీటరు తప్పా?

కావచ్చు, కానీ ఎక్కువసార్లు కాదు. మల్టీమీటరును మీటరు వెనుక, సరిగ్గా దాని రెండు వైర్ల మీదే పెట్టి కొలవండి. అక్కడ కూడా 13.9 వస్తే మీటరు నిజమే చెబుతోంది, మిగిలిన 0.4 వోల్టులు దారిలో పోతున్నాయి. అక్కడ 14.3 వస్తే మీటరులోనే తేడా ఉంది. కొన్ని మీటర్లకు వెనుక చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని తిప్పి సరిచేయవచ్చు.

దారిలో పోవడం అంటే ఇది. బ్యాటరీ నుంచి మీ ఫ్యూజు దాకా వచ్చే సరికి కరెంటు మెయిన్ ఫ్యూజును, ఇగ్నిషన్ స్విచ్చును, ఎన్నో కనెక్టర్లను దాటి వస్తుంది. వీటన్నిటి నిరోధం కలిపి 0.03 ఓములే అనుకున్నా, అదే దారిలో బ్లోయరు, లైట్లు కలిసి 10 ఆంపియర్లు లాగుతుంటే 0.3 వోల్టులు అక్కడే ఖర్చవుతాయి. మీటరు స్వయంగా లాగేది చాలా తక్కువ కనుక దానికి ఎంత లావు వైరు వేసినా ఈ నష్టం తగ్గదు. ఇతర పరికరాలు వాడుకుంటున్న దారిలో అది ప్రయాణికుడు మాత్రమే.

నష్టం ఏ వైపు ఉందో కనుక్కోవడానికి ఇంజను నడుస్తుండగా, లైట్లు, బ్లోయరు ఆన్‌లో ఉంచి, పొడవాటి వైరు సాయంతో మల్టీమీటరు ఎర్ర పిన్నును బ్యాటరీ పాజిటివ్ మీద, నల్ల పిన్నును మీటరు ఎర్ర వైరు మీద పెట్టాలి. కనిపించేది పాజిటివ్ వైపు నష్టం. అలాగే మీటరు నల్ల వైరుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య కొలిస్తే ఎర్త్ వైపు నష్టం తెలుస్తుంది. ఈ రెండూ కలిపితే తేడా మొత్తం లెక్క సరిపోవాలి. పాజిటివ్ వైపు 0.2 వరకూ ఉంటే చాలా వాహనాల్లో అది మామూలే, ఆ తేడాను మనసులో కలుపుకుని చదువుకోవచ్చు. ఎర్త్ వైపు 0.1 దాటితే ముందు ఎర్త్ మార్చాలి.

బ్యాటరీ అంకె ఖచ్చితంగా కావాలంటే?

రిలే వేయాలి. మీటరు పాజిటివ్ కోసం బ్యాటరీ నుంచి దానికే ప్రత్యేకంగా ఒక వైరు తెచ్చి, దాన్ని రిలే ద్వారా తాళంతో కలిసి వచ్చేలా చేయడమే ఇక్కడి ఉపాయం. మామూలు ఆటోమొబైల్ రిలే మీద ఉండే 86 అనే పిన్నుకు ఫ్యూజు ట్యాప్ నుంచి ఇగ్నిషన్ సప్లై, 85కు ఎర్త్, 30కి బ్యాటరీ నుంచి 2 లేదా 3 ఆంపియర్ల ఫ్యూజు ద్వారా వచ్చే వైరు, 87కు మీటరు ఎర్ర వైరు ఇవ్వాలి. రిలే కాయిలు దాదాపు 0.15 ఆంపియర్లు తీసుకుంటుంది, అది కూడా తాళం తిప్పి ఉన్నప్పుడే. బ్యాటరీ నుంచి వచ్చే ఆ వైరు మీద వేరే ఏ పరికరమూ లేదు కనుక దారిలో నష్టం ఉండదు.

ఈ వైరు ఇంజను గదిలోంచి లోపలికి రావాలి. ఆ మధ్య ఇనుప రేకులో కొత్త రంధ్రం చేయడం కన్నా, కంపెనీ వైర్లు వెళ్లే రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచుకు తొడిగే రింగు) పక్కగా తీసుకురావడం సులువు. రంధ్రం చేయక తప్పకపోతే రేకు అంచు వైరును కోయకుండా గ్రోమెట్ వేయాలి. ఎగ్జాస్ట్, బెల్టులు, స్టీరింగ్ కాలమ్, పెడళ్లు కదిలే చోటుకు దూరంగా కట్టాలి. నెగటివ్ టెర్మినల్ మీద బ్యాటరీ కరెంటును కొలిచే సెన్సారు ఉన్న వాహనాల్లో మీటరు ఎర్త్‌ను నేరుగా టెర్మినల్‌కు కాక బాడీ వైపు ఇవ్వాలి, లేకపోతే సెన్సారు లెక్కలోకి రాని కరెంటు ఒకటి మొదలవుతుంది.

లోపలి వెలుగు వైరును ఎక్కడ కలపాలి? కలిపితే మీటరు మిణుకుమిణుకుమంటోంది.

పార్కింగ్ లైట్ల ఫ్యూజు నుంచి తీసుకోవడం ఉత్తమం. డాష్‌బోర్డు వెలుగును తగ్గించే డిమ్మరు తర్వాతి వైరుకు కలిపితే మిణుకుమిణుకుమనే అవకాశం ఉంది, ఎందుకంటే ఇప్పటి వాహనాల్లో డిమ్మరు వోల్టేజిని తగ్గించకుండా కరెంటును సెకనుకు ఎన్నోసార్లు ఆపుతూ వదులుతూ ఉంటుంది. బల్బు దాన్ని సర్దుకుంటుంది, మీటరులోని సర్క్యూట్ సర్దుకోలేదు. ఇంకో తిరకాసు కూడా ఉంది: చాలా డిజిటల్ మీటర్లలో ఈ వైరుకు కరెంటు ఇస్తే వెలుగు పెరగదు, రాత్రి కళ్లు చెదరకుండా తగ్గుతుంది. మీటరు పాడైందనుకునే ముందు ఇది చూసుకోవాలి.

జాయింట్లు మెలిపెట్టి టేపు చుడితే ఎన్నాళ్లు ఆగుతాయి?

ఎండకు టేపు జిగురు కారిపోయి విడిపోయే దాకా. సరైన సైజు టెర్మినల్‌ను సరైన ప్లయరుతో క్రింప్ చేసి (వైరు మీద గట్టిగా నొక్కి బిగించి), పైన హీట్ ష్రింక్ స్లీవు వేయడం నమ్మదగిన పద్ధతి. సోల్డరింగ్ కూడా మంచిదే, అయితే సోల్డరు ఎక్కిన చోట వైరు బిరుసెక్కి, అది ఆగిన అంచు దగ్గర వైబ్రేషన్‌కు విరుగుతుంది కనుక జాయింటుకు రెండు పక్కలా కట్టు ఉండాలి. ఉన్న వైరు మీద నొక్కితే లోపలి బ్లేడు ఇన్సులేషన్‌ను కోసి రాగిని తాకే నీలం, ఎరుపు క్లిప్పుల గురించి చాలామంది అడుగుతుంటారు. తొందర పని కోసం అవి ఉన్నాయి తప్ప, కొన్ని పోగులను కోసేసి, తేమను లోపలికి రానిచ్చే ఆ క్లిప్పులు డాష్‌బోర్డు వెనుక ఉండదగినవి కావు.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ తీయాలా? ఎయిర్‌బ్యాగుల సంగతి?

తీయాలి, ముందుగా నెగటివ్ టెర్మినల్‌ను. పాజిటివ్ విప్పుతుంటే స్పానరు బాడీకి తగిలితే నేరుగా షార్టే. తిరిగి పెట్టేటప్పుడు నెగటివ్ చివర. రేడియో కోడు, కిటికీ అద్దాల ఆటో సెట్టింగు పోయే బండి అయితే వాటిని తిరిగి ఎలా పెట్టాలో ముందే చదివి ఉంచుకోండి. ఇంజను నడుస్తుండగా మాత్రం బ్యాటరీ వైరు ఎప్పుడూ తీయకూడదు. ఆల్టర్నేటర్ వోల్టేజి ఒక్కసారిగా పదుల వోల్టులకు ఎగిసి కంప్యూటర్లనూ కొత్త మీటరునూ కలిపి పాడుచేయగలదు.

ఎయిర్‌బ్యాగు వైరింగును సాధారణంగా పసుపు రంగు కనెక్టర్లతో, పసుపు తొడుగుతో గుర్తిస్తారు. వాటిని తాకవద్దు, వాటి మీద కొలవవద్దు. బ్యాటరీ తీసిన తర్వాత కూడా ఎయిర్‌బ్యాగు యూనిట్‌లో కొంతసేపు కరెంటు నిల్వ ఉంటుంది, ఎంతసేపు ఆగాలో బండి మాన్యువల్‌లో ఉంటుంది. ముందు అద్దం పక్క స్తంభానికి మీటరు బిగించే ప్లాస్టిక్ గిన్నెలు అందంగానే ఉంటాయి, కానీ పక్క ఎయిర్‌బ్యాగు ఉన్న వాహనాల్లో అది విచ్చుకునే దారి అదే. అలాంటి వాహనానికి ఆ గిన్నె వద్దు. వైరులో కరెంటు ఉందో లేదో చూడటానికి బల్బు ఉన్న టెస్ట్ ల్యాంప్ కూడా ఇప్పటి వాహనాల్లో వద్దు, అది లాగే కరెంటు సున్నితమైన సర్క్యూట్లను దెబ్బతీయగలదు. ఒకదానితో ఒకటి మెలితిరిగి ఉన్న జంట వైర్లు సాధారణంగా కంప్యూటర్లు మాట్లాడుకునే డేటా లైన్లు, వాటి నుంచి ఏదీ తీసుకోకూడదు.

ఎంత అంకె వస్తే మంచిది, ఎంత వస్తే చెడ్డది?

కొన్ని గంటలు ఆగి ఉన్న బండిలో, ఏ పరికరమూ ఆన్ కాకుండా, లెడ్ ఆసిడ్ బ్యాటరీ నిండుగా ఉంటే 12.6 లేదా 12.7 వోల్టులు ఉంటుంది. 12.4 అంటే సుమారు మూడు వంతులు, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు వంతు మాత్రమే మిగిలినట్టు. ఏజీఎం బ్యాటరీల్లో (ఆసిడ్‌ను గాజు నూలు పొరల్లో ఇంకించిన రకం) ఇవి కొంచెం ఎక్కువగా ఉంటాయి. అయితే డాష్‌బోర్డు మీటరు వెలిగేది తాళం తిప్పాకే, అప్పటికే ఫ్యూయల్ పంపు, కంప్యూటర్లు, లైట్లు కరెంటు లాగుతుంటాయి. అందుకే మీటరులో 12.3 కనిపించగానే కంగారు పడనక్కర్లేదు. డీజిలు బండిలో గ్లో ప్లగ్గులు వేడెక్కే సెకన్లలో 12 కన్నా కిందికి రావడం కూడా సహజమే. దీనికి వ్యతిరేకంగా, ఇప్పుడే ఇంజను ఆపిన బండిలో 13 దగ్గర కనిపించే అంకె అబద్ధపు ధైర్యం ఇస్తుంది. అది ప్లేట్ల పైపైన నిలిచిన ఛార్జి, కాసేపటికి దిగిపోతుంది.

సెల్ఫ్ కొట్టేటప్పుడు 10 నుంచి 11 వోల్టుల దాకా పడటం మామూలు. చలి లేకుండానే 9.6 కన్నా కిందికి పడుతోందంటే బ్యాటరీ గానీ, టెర్మినళ్లు గానీ బలహీనపడ్డాయి.

ఇంజను నడుస్తుండగా 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. చల్లటి ఇంజనుతో 14.4 చూపించి, వేడెక్కాక 13.9కి దిగితే అది లోపం కాదు, ఆల్టర్నేటర్ వోల్టేజిని అదుపు చేసే రెగ్యులేటరే వేడికి తగ్గట్టు తగ్గిస్తుంది. ఆక్సిలరేటరు కొద్దిగా తొక్కి ఉంచి, లైట్లన్నీ ఆర్పినా 13 దాటకపోతే బెల్టు, టెర్మినళ్లు, ఆల్టర్నేటరు ఈ వరుసలో చూపించాలి. 15 దాటి అక్కడే నిలిస్తే రెగ్యులేటరు పోయినట్టు, బ్యాటరీలో నీరు ఆవిరై లైట్లు, కంప్యూటర్లు కూడా దెబ్బతింటాయి, అలా నడపకూడదు. నడుస్తుండగా అంకె 12.5, 12.3 అంటూ మెల్లగా జారిపోతుంటే ఛార్జింగ్ ఆగిపోయి బ్యాటరీ మీదే ఇంజను నడుస్తోందన్న మాట. ఏసీ, పాటలు ఆపేసి, ఇంజను ఆపకుండా, దగ్గరలోని మెకానిక్ దాకా వెళ్లడమే చేయగలిగింది.

మా కొత్త బండిలో అంకె 12.6కు, 14.9కు మధ్య ఊగుతోంది. ఇది లోపమా?

చాలా వరకు కాదు. ఇటీవలి వాహనాల్లో ఆల్టర్నేటరును ఇంజను కంప్యూటరే నడిపిస్తుంది. వేగం పెంచేటప్పుడు ఇంజను మీద బరువు తగ్గించడానికి ఛార్జింగ్ తగ్గిస్తుంది, ఆక్సిలరేటరు వదిలినప్పుడు ఉచితంగా వచ్చే శక్తిని బ్యాటరీలోకి ఎక్కించడానికి 15 దగ్గరి దాకా పెంచుతుంది. హెడ్‌లైట్లు వేయగానే అంకె 14 పైన నిలకడగా ఉండిపోతే అది ఈ పద్ధతే అని అర్థం. ఇలాంటి బండిలో వోల్ట్ మీటరు మామూలు అంకె ఒకటి కాదు, ఒక వరస. దాన్ని అలవాటు చేసుకోవడానికి కొన్నాళ్లు పడుతుంది.

సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టే చిన్న మీటరు, ఓబీడీ సాకెట్‌లో పెట్టేది పనికిరావా?

పనికొస్తాయి (ఓబీడీ అంటే బండి లోపాలను చదివే పరికరం గుచ్చే సాకెట్). వైరింగు అంటే భయపడేవారికి సాకెట్ మీటరే సరైనది. అయితే ఆ సాకెట్ సెల్ఫ్ కొట్టేటప్పుడు ఆగిపోవచ్చు, అదే సాకెట్‌లో ఫోను ఛార్జరు కూడా ఉంటే అంకె కొద్దిగా తగ్గవచ్చు. ఓబీడీ సాకెట్‌లో 16వ పిన్నుకు తాళం తీసినా బ్యాటరీ కరెంటు వస్తూనే ఉంటుంది కనుక బండిని చాలా రోజులు ఆపి ఉంచేటప్పుడు పరికరాన్ని తీసేయడం మంచిది.

లారీలు, బస్సుల్లో 24 వోల్టులు ఉంటాయి కదా?

మీటరు 24 వోల్టుల వ్యవస్థకు తగినదేనా, కనీసం 32 వోల్టుల వరకు తట్టుకుంటుందా అన్నది ముందు చూడాలి. పైన చెప్పిన అంకెలన్నీ రెట్టింపు చేసుకుంటే సరిపోతుంది: ఆగి ఉన్నప్పుడు 25.2 పైన, నడుస్తున్నప్పుడు 27.6 నుంచి 29 మధ్య. 12 వోల్టుల మీటరు చేతిలో ఉంది కదా అని రెండు బ్యాటరీల్లో ఒకదానికే కలపడం తప్పు. అది ఒక బ్యాటరీనే కొంచెం కొంచెంగా తోడేస్తూ రెండింటి మధ్య సమతూకాన్ని చెడగొడుతుంది, రెండో బ్యాటరీ గురించి ఏమీ చెప్పదు.

బైకుకు పెట్టుకోవచ్చా?

నీరు చొరని మీటరైతే పెట్టుకోవచ్చు. తాళంతో వచ్చే సప్లై బ్రేకు లైటు స్విచ్చు దగ్గర సాధారణంగా దొరుకుతుంది. కొన్ని పాత బైకుల్లో హెడ్‌లైటు బ్యాటరీ మీద కాక నేరుగా ఇంజనులోని కాయిలు నుంచి వచ్చే ఏసీ కరెంటు మీద వెలుగుతుంది, ఆ వైరుకు మీటరు కలిపితే అంకె అర్థం లేనిదవుతుంది, మీటరు కూడా పోవచ్చు. బైకు ఐడిల్‌లో ఉండి హెడ్‌లైటు వెలుగుతుంటే 13 కన్నా తక్కువ ఉండవచ్చు, వేగం పెంచితే 14 దాకా రావాలి. అలా రాకపోతే రెగ్యులేటర్ రెక్టిఫయరును చూపించాలి.

హైబ్రిడ్, ఎలక్ట్రిక్ వాహనాల్లో?

వాటిలో కూడా సాధారణంగా లైట్లు, కంప్యూటర్ల కోసం 12 వోల్టుల బ్యాటరీ ఒకటి విడిగా ఉంటుంది, దాన్ని ఆల్టర్నేటరుకు బదులు ఒక కన్వర్టరు ఛార్జి చేస్తుంది. దానికి మీటరు పెట్టుకోవచ్చు. నారింజ రంగు కేబుళ్లు మాత్రం ప్రాణాంతకమైన హై వోల్టేజివి, వాటి దగ్గరికి చేయి పోనివ్వకూడదు. ఆ 12 వోల్టుల బ్యాటరీ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకమైతే, అది దాదాపు ఖాళీ అయ్యేవరకూ 13 వోల్టుల చుట్టుపక్కలే నిలుస్తుంది, కాబట్టి ఎంత ఛార్జి మిగిలిందో మీటరును బట్టి చెప్పలేము.

అన్నీ కలిపాను, మీటరు వెలగడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్త ఫ్యూజు తర్వాత వైరులో తాళం తిప్పితే వోల్టేజి వస్తోందా అని చూడండి. వస్తుంటే మీటరు వెనుక రెండు వైర్ల మధ్య కొలవండి. అక్కడ రాకపోతే, మల్టీమీటరు నల్ల పిన్నును మీటరు ఎర్త్ నుంచి తీసి వేరే లోహానికి తాకించండి: ఇప్పుడు వస్తే ఎర్త్ చెడ్డది, ఇప్పటికీ రాకపోతే ఎర్ర వైరు మధ్యలో తెగింది. రెండు వైర్ల మధ్య 12 వోల్టులు నిక్షేపంగా ఉండి కూడా మీటరు వెలగకపోతే మార్చవలసింది మీటరునే. వెలిగీ ఆరుతుంటే, మీటరు వైపు కాక ఫ్యూజు ట్యాప్ గట్టిగా కూర్చుందో లేదో ముందు చూడాలి.